సగం గీస్తే రెండూ వస్తాయి

నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు దిగే రేవు పక్కనే ఉంది ఆ వీధి. ఏ లోకం నుంచి వచ్చినవాళ్ళయినా అక్కడే నడవాలి, అక్కడే టీ తాగాలి, చిరిగినవి అక్కడే కుట్టించుకోవాలి. వచ్చేవాళ్ళలో ఒక్కో జాతికి ఒక్కో విద్య ఉండేది. మొదట్లో వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. తర్వాత, పక్కింటివాడికి ఈత వచ్చని తెలిస్తే ఎంత ఆశ్చర్యపోతామో అంతకు మించి ఆశ్చర్యపోవడం మానేసింది.

పొలుసులవాళ్ళు ఇనుమును నాకి దాని వయసు చెప్పేవారు. పాతసామాను కొట్టాయన వాళ్ళను గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. జాడవాళ్ళకు పోయిన వస్తువు ఎక్కడుందో తెలిసేది, పోయిందేమిటో మాత్రం తెలిసేది కాదు. దారినపోయేవాళ్ళను ఆపి మరీ, "మీది మంచం కింద ఉందండీ" అనేవారు. "ఏది?" అంటే తెల్లమొహం వేసేవారు.

మేముగారి జాతికి మాత్రం ఏ విద్యా లేదని, ఉన్నదంతా పొగరేనని వీధి తేల్చేసింది. మనిషి చూస్తే ఒక్కడే. అయినా "మేము" అంటాడు. ఆకలేస్తే "మాకు ఆకలిగా ఉంది" అంటాడు. కాలు జారితే "మేము పడ్డాం" అంటాడు. "పడినా రాజుగారే" అని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవారు. ఆయన అసలు పేరు పలకాలంటే మెడకు రెండు పక్కలా చేపకున్నట్టు మొప్పలుండాలి. అవి ఎవరికీ లేవు గనక ఆ మాటే పేరయి కూర్చుంది.

ఆయన పనిచేసేది అక్క కొట్టులో. అక్క అంటే వీధి మొత్తానికీ అక్కే. ఓడల బయట, గాలి లేనిచోట పనిచేసేవాళ్ళు తొడుక్కునే సూట్లు ఆమె బాగుచేస్తుంది. "చొక్కాకి కుట్టు తప్పితే నలుగురూ నవ్వుతారు. సూటుకి కుట్టు తప్పితే నలుగురూ మోస్తారు" అని కొట్టుకు వచ్చినవాళ్ళతో అనేది. అందుకే కుట్టిన ప్రతి సూటునూ గాలితో నింపి, నీళ్ళ తొట్టిలో ముంచి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమో చూడాలి. కుట్టడం అక్క పని. ముంచి చూడడం చెల్లెలి పని. సాయంత్రం తొట్టిని చెరో అంచూ పట్టుకుని ఎత్తి, నీళ్ళు వీధి కాలవలో వంపడం ఇద్దరి పనీ.

పోయిన వానాకాలంలో చెల్లెలికి జ్వరం వచ్చింది. అందరూ మామూలు జ్వరమే అన్నారు. మామూలుగానే వచ్చింది. తనతో పాటు ఆమెను తీసుకుని పోయింది.

కొన్నాళ్ళు అక్క ఒక్కతే తొట్టిని ఈడ్చుకుంది. తర్వాత మేముగారు వచ్చి, తమకు నీళ్ళంటే ఇష్టమని, పని ఇమ్మని అడిగాడు. ఎముకల్లేని మూడేసి వేళ్ళు కుట్టు వెంబడి నీళ్ళలో పాములా జారుతుంటే, ఆవగింజంత బుడగ కూడా ఆయన కన్నుగప్పి పోయేది కాదు. బుడగ దొరికినప్పుడల్లా మొప్పలు విప్పి మురిసిపోయేవాడు. "సూటు చిరిగితే సంబరమేమిటండీ?" అని అక్క విసుక్కునేది. విసుక్కున్నా ఆ మురిపెం చూడ్డానికి తలెత్తేది.

తీరిక వేళల్లో ఆమె ఆయనకు గుడ్డ కత్తిరించడం నేర్పింది. మొదటిరోజు ఆయన రెండు చేతుల ముక్కలూ విడివిడిగా గీస్తుంటే ఆపింది.

"అంత కష్టం ఎందుకండీ? గుడ్డని మడత పెట్టండి. ఇదిగో, ఇలా. ఇప్పుడు సగం గియ్యండి చాలు. కత్తెర వేస్తే రెండూ వస్తాయి."

"సగం గీస్తే... రెండా?"

"సగం గీస్తే రెండూ వస్తాయి. ఒకదానికొకటి తేడా లేకుండా."

ఆయన మడత విప్పి చూశాడు. మళ్ళీ మూశాడు. మళ్ళీ విప్పాడు. "సగం" అని రెండుసార్లు నోట్లో నానబెట్టుకుని, "ఈ పని మాకు తెలుసు అక్కగారూ. మీ భాషలో దీన్నేమంటారో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాం" అన్నాడు. కత్తిరించడం తెలుసు కాబోలు అనుకుని అక్క మిషను తొక్కుకుంది.

అలా దాదాపు ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున్నే మరిది వచ్చాడు, చెల్లెలి మొగుడు. పొడగరి. గుమ్మం తగలకుండా లోపలికొచ్చిన రోజు లేదు.

"వదినా, మీ గుమ్మానికి నా నుదురంటే ఎంత ప్రేమో" అంటూ నుదురు రుద్దుకుని, చంకలోని మూట బల్ల మీద పెట్టి విప్పాడు. చెల్లెలి సూటు. తొట్టిలో చూసింది చాలక, బాగుచేసిన సూట్లు నిజంగా నిలుస్తాయో లేదో చూడ్డానికి అప్పుడప్పుడూ ఆ పనివాళ్ళ వెంట గాలి లేనిచోటికి వెళ్ళేటప్పుడు ఆమె ఇది తొడుక్కునేది. ఆమె తన చేత్తో కుట్టుకున్న మొదటి సూటు అది.

"ఓడలకి బయటవైపు రంగులేసే పని దొరికింది. సోమవారం చేరాలి. నాకు సరిపడేట్టు చేసిపెట్టు."

"నీ ఒంటికి ఇదా? దీంట్లో నీ కాలొక్కటే పడుతుంది. అక్కడ కొత్తవి ఇస్తారుగా?"

"ఇస్తారు" అన్నాడు మరిది. కాసేపు సూటు మెడపట్టీ సవరించాడు. "నాకిది కావాలి వదినా."

ఆమె సూటు తీసి మిషను పక్కన పెట్టుకుంది. అతను వెళ్ళేటప్పుడు గుమ్మం మళ్ళీ తగిలింది.

సరిపడేట్టు చేయాలంటే రెండు పక్కలా కుట్లు విప్పి, మధ్యలో ముక్కలు వేయాలి. కుడిపక్క కుట్టు తిన్నగా ఉంది. ఎడమపక్క కుట్టు నడుము దగ్గర వంకర తిరిగి, మళ్ళీ దారిలో పడింది. ఆ వంకర ఎందుకొచ్చిందో లోకంలో ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఒక్కరికే. అక్క కుట్లు విప్పే కొక్కెం తీసుకుంది. ఆ వంకర మీద వేలు పెట్టింది. కొక్కెం కింద పెట్టేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు వేరే సూట్లు చాలా ఉన్నాయంది. నిజానికి రెండే ఉన్నాయి.

శుక్రవారం వాన పడి వెలిసింది. మేముగారు గుమ్మం దగ్గర నిలబడి, "అక్కగారూ, మా కొట్టు ముందు నీళ్ళు నిలిచాయి" అన్నాడు.

అక్కకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"మీ కొట్టా? మరి నేనెవర్నండీ, అద్దెకున్నానా?"

ఆయన కంగారుపడ్డాడు. "మా తప్పు..."

"చూశారా, తప్పు కూడా మీ ఒక్కరిదే! ఏడాది నుంచి చూస్తున్నాను. మా తొట్టి, మా కత్తెర, మేము తిన్నాం, మేము కుట్టాం. ఎదురుగా నేనున్నా సరే, నన్ను బయట నుంచోబెట్టి తలుపేసుకున్నట్టే. అది మన కొట్టు అనేది. చీపురు పట్టుకున్నా మన చీపురు అనేది. మీ నోట ఆ ఒక్క మాట ఎందుకు రాదు? నాకు ఆ మాటకి అర్హత లేదా?"

'అది' అంటే చెల్లెలేనా అని ఆయన అడగలేదు. తడి చేతులు తుడుచుకుని, ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"రాక కాదు. వస్తే ఊరుకోదు."

"అంటే?"

"మీరు ఆ మాట అంటే అది వట్టి మాటే. టీ తాగుదాం, పోదాం, చూద్దాం, అన్నిటికీ అనేస్తారు. అదే మాట మేము అంటే నిజంగా జరిగిపోతుంది. మీ గుండెల మీద ఏముందో అందులో సగం మాకు వస్తుంది. మా దాంట్లో సగం మీకు వస్తుంది. మళ్ళీ వెనక్కి పోదు. అందుకే అడగకుండా ఆ మాట అనడం మాలో దొంగతనం. మేము అని ఎందుకంటామో కూడా చెప్పమంటారా? మాలో మా అవ్వ ఉంది. ఆవిడలో వాళ్ళమ్మ ఉంది. ఓడలో మాతో వచ్చిన ముసలి స్నేహితుడున్నాడు. ఇంతమందిని పెట్టుకుని నేను అంటే అబద్ధం కదండీ."

 వీధి అంతా నవ్వుకున్న మాట ఇదా అనుకుంది అక్క.

"మీకు బరువుగా ఉంది" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ సూటు చుట్టూ నాలుగు రోజుల్నుంచి తిరుగుతున్నారు. మీరు అడిగితే..."

"వద్దు."

"సరే."

"సరే కాదు, వినండి. సగం తీసుకుంటారు, బాగానే ఉంది. నా చెల్లెలిలో ఏ సగం? నవ్వేదా, దగ్గేదా? చిన్నప్పటిదా, పెద్దయ్యాకదా?"

"మేము ఏరుకోం అక్కగారూ. మా చేతిలో ఉండదు."

"అయితే అసలే వద్దు. ఉన్నదే అది. అందులో సగం పోతే ఇంక నా దగ్గర ఏం మిగులుతుంది? బరువైతే బరువే. మోస్తాను. అది నాది."

ఆయన తల వంచి లేచాడు. చీపురు తీసుకుని గుమ్మం ముందు నీళ్ళు కాలవలోకి ఊడ్చాడు. ఊడ్చి వచ్చి, "కొట్టు ముందు నీళ్ళు లేవు" అన్నాడు. ఎవరి కొట్టో చెప్పకుండా జాగ్రత్తపడ్డాడు. అక్కకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

శనివారం మధ్యాహ్నం జాడమ్మ తన సూటు తీసుకుపోవడానికి వచ్చింది. జాడవాళ్ళందరిలాగే పొట్టిగా, గుండ్రంగా, ఒళ్ళంతా మెత్తటి నూగుతో ఉంటుంది. వీధిలో ఎవరి తాళంచెవి పోయినా ముందు ఆమెకే తెలుస్తుంది, అది తాళంచెవి అని తప్ప. సూటు మడిచి సంచిలో పెట్టుకుంటూ అక్క వంక చూసి ఆగిపోయింది.

"అమ్మా, మీదేదో పోయింది కదూ?"

"ఏమీ పోలేదు."

"పోయింది, పోయింది. కంగారుపడకండి, ఇక్కడే ఉంది." గడ్డంతో అక్క గుండెల వైపు చూపించింది. "కాకపోతే చాలా ఇరుగ్గా ఉందమ్మా. పాపం, కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేదు."

"ఏమిటది?" అంది అక్క.

"ఏమో. అది నాకెలా తెలుస్తుంది?" అనేసి, సంచి భుజాన వేసుకుని, ఎదురుగా వస్తున్న కూరగాయలాయనతో "మీది గోడ వెనకాల ఉందండీ" అంటూ వెళ్ళిపోయింది.

అక్క మిషను ముందు కూర్చుండిపోయింది. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే మంచం. చెల్లెలు నిద్రలో కాళ్ళూ చేతులూ బార్లా చాపేది. అక్కకు మూల మిగిలేది, దుప్పటి అంచు మిగిలేది. "నువ్వు మనిషివా, సాలెపురుగువా?" అని పొద్దున్నే తగవు. మంచం అంతా కావలసిన పిల్ల. దాన్ని తీసుకొచ్చి ఇంత ఇరుకులో పెట్టి, నాది, నాది అని తలుపేసుకుంది ఎవరు? తను 'మేము' అనకపోయినా, మేముగారినీ మరిదినీ బయట నుంచోబెట్టింది ఎవరు?

లేచి చెల్లెలి సూటును బల్ల మీద పరిచింది. కొక్కెం తీసుకుంది. తొట్టి దగ్గర మేముగారు నీళ్ళు నింపుతున్నాడు.

"మేముగారూ. రండి. మనం విప్పుదాం."

ఆయన చెంబు దించాడు. "అలవాటుగా అన్నారా? అడిగి అన్నారా?"

"అడుగుతున్నాను."

"ఏ సగమో మేము ఏరుకోలేం."

"చెప్పారుగా. ఏదైతే అది. కాస్త చోటు ఇవ్వండి చాలు దానికి."

ఆయన చేతులు పొడిగుడ్డతో తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. వచ్చి బల్లకు అవతలివైపు నిలబడ్డాడు. సూటు ఎడమపక్క కుట్టు మీద మూడు వేళ్ళు ఆనించాడు. తర్వాత ఆ మాట అన్నాడు. నోటితో సగం, మొప్పలతో సగం.

"మనం."

మొదట ఏమీ కాలేదు. వీధిలో ఎవరో బండి తోసుకుపోతున్నారు. ఆ తర్వాత ఎక్కడినుంచో ఒక ఈల వినిపించింది, లోపలినుంచి. నీళ్ళ మీద కట్టిన ఇళ్ళు. పొద్దుగూకుతుంటే గట్టు మీద నిలబడి, పిల్లల్ని ఇంటికి పిలుస్తూ మొప్పలతో ఈల వేసే ఒక ముసలావిడ. ఎప్పుడూ చూడని ఆ ముసలావిడ కోసం అక్క ప్రాణం కొట్టుకుంది. ఆపైన బరువు కదిలింది. పోలేదు. నిండు తొట్టిని ఒక్కతే ఈడ్చుకుపోతుంటే, అవతలి అంచు ఎవరో పట్టుకుని ఎత్తినట్టయింది, అంతే.

అక్క గబగబా లోపలంతా వెతుక్కుంది. నవ్వు ఉంది. దగ్గు ఉంది. మంచం ఉంది, దుప్పటి ఉంది, మన చీపురు ఉంది. ఆఖరి రోజున నీళ్ళు అడిగిన గొంతూ ఉంది. ఒక్కటీ పోలేదు.

"ఏం జరగలేదేమండీ?" అంది కంగారుగా. "అన్నీ ఉన్నాయి. అంతా నా దగ్గరే ఉంది."

 మేముగారు తల పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని అక్క భయపడింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి చూస్తే ఆయన నవ్వుతున్నాడు. వేలు ఆ వంకర కుట్టు మీదే ఉంది.

"గుండుసూదుల దిండు మీద..." అన్నాడు ఊపిరి అందక. "పాపం, టీ అయ్యేదాకా..."

 మరిది మొట్టమొదట ఈ కొట్టుకు వచ్చిన రోజు అది. కూర్చోండి అనగానే చూసుకోకుండా గుండుసూదుల దిండు మీద కూర్చున్నాడు. కొత్త చోటు, మొహమాటం, ఎదురుగా తనకు నచ్చిన పిల్ల. కిక్కురుమనకుండా టీ తాగేదాకా అలాగే కూర్చుని, మర్యాదగా లేచి వెళ్ళాడు. చెల్లెలు అటు తిరిగి మిషను కుడుతోంది. దాని భుజాలు ఇలాగే అదిరాయి. కుట్టు వంకర పోయింది. ఈ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

"మీకంతా వచ్చిందా?" అంది అక్క. "సగం అన్నారుగా! నిన్నటి నుంచి ప్రాణం తోడేశారు కదండీ, సగం, సగం అని!"

"సగమే కదా" అన్నాడాయన అయోమయంగా. "మీరే నేర్పారు. మడత పెట్టి సగం గీస్తే రెండూ వస్తాయి, ఒకదానికొకటి తేడా లేకుండా. అది సగం కాదా?"

అక్క ఆయన వంక చూసింది. బల్ల మీది కత్తెర వంక చూసింది. ముక్కాలిపీట మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళు కాసేపు వాటి దారిన అవి వచ్చాయి. ఆయన పక్కనే నిలబడ్డాడు. ఓదార్చలేదు.

"కాదండీ" అంది చివరికి, కొంగుతో మొహం తుడుచుకుని. "సగం అంటే అది కాదు. ఇంకోసారెప్పుడైనా చెప్తాను. రండి, అటువైపు పట్టుకోండి."

ఇద్దరూ చెరో పక్కా విప్పారు. కొత్త ముక్కలకు గుడ్డ మడత పెట్టి, సగం గీసి, కత్తిరించారు. వంకర కుట్టు ఉన్న చోట అక్క పాత గుడ్డ అంచును తిన్నగా కత్తిరించలేదు. కొత్త కుట్టును కూడా దాని వంకరతోనే నడిపించింది. సూటు తొట్టిలో ముంచినప్పుడు ఒక్క బుడగ కూడా లేవలేదు. మేముగారు కొంచెం నిరాశపడ్డాడు. మిషను దగ్గర అక్క తనకు తెలియకుండానే ఈల వేస్తోంది. గట్టు మీది ముసలావిడ ఈల. ఆమెకు ముందెప్పుడూ ఈల వేయడం రాదు.

ఆదివారం మరిది వచ్చాడు. గుమ్మం తగిలింది. సూటు తొడుక్కోబోయి, తొందరలో తల తీసుకెళ్ళి చేతిలో దూర్చాడు. లోపల కొట్టుకుంటూ, "వదినా, దీనికి మెడ పెట్టడం మర్చిపోయావేమో" అన్నాడు.

"మెడ ఉంది, చూసే కళ్ళే లేవు మహానుభావా" అన్నాడు మేముగారు.

సూటులో కదలిక ఆగిపోయింది. కాసేపటికి మరిది తల బయటకు వచ్చింది. జుట్టంతా రేగి ఉంది. మహానుభావా అని అతన్ని పిలిచేది ఒక్కతే. ఆ మాట కొసను అలా పైకి లాగేదీ ఆమే.

"ఇంకోసారి అనండి" అన్నాడు.

మేముగారు అక్క వంక చూశాడు. అక్క తల ఊపింది. ఆయన మళ్ళీ అన్నాడు. అక్క ముక్కాలిపీట ముందుకు జరిపి, మరిదిని కూర్చోమంది.

"చూసి కూర్చో" అంది. "దిండు మీద కూర్చునేవు."

మరిది మొహం ఎర్రబడింది. "నీకు... నీకెలా తెలుసు? ఆ రోజు ఎవరూ చూడలేదనుకున్నానే!"

"అది చూసింది. నీకు చెప్పొద్దని వేయించుకున్న ఒట్టు ఇవాళ తీసి గట్టు మీద పెట్టేశాను. ఇదిగో, ఈ వంకర నీ చలవే." సూటు ఎడమపక్క చూపించింది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. మేముగారు ఎందుకు మేము అంటాడో, నిన్న ఏమన్నాడో, తను ఎంత భయపడిందో, సగం అంటే ఆయన ఏమనుకున్నాడో అన్నీ చెప్పింది. మరిది వింటూ ఆ వంకర మీద బొటనవేలు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"అంటే, మీ ఇద్దరి దగ్గరా అది నవ్వుతోందన్నమాట" అన్నాడు. "నాకు దాని వీపే కనిపించింది ఆ రోజు. మీ చిన్నప్పటి మంచం సంగతీ నా దగ్గర లేదు." గుడ్డ కత్తిరించడం బొత్తిగా తెలియని మనిషి కనక చిన్నపిల్లాడిలా అడిగాడు. "వదినా, ఆ మడత మీద ఇంకో మడత వేస్తే మూడు వస్తాయా?"

"నాలుగొస్తాయి" అంది అక్క.

"నాలుగోది ఎవరికి?"

అక్క మేముగారి వంక చూసింది. ఆయన అప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఉండనీ" అంది. "మన కొట్టుకి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారుగా."